సుభద్ర గారు ఫోనులో నేర్పిన స్కానింగు

ఈ ఉదయం రోగి ఛాతీ మీద పూసిన చల్లని జెల్లు వేళ్లకు తగలగానే డాక్టర్ సుభద్ర గారు గుర్తొచ్చారు. సెల్ ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో ఆవిడ రాజమండ్రిలో పేరున్న గుండె వైద్యురాలు. నేను గోదావరికి ఇవతల, కొవ్వూరులో ఓ చిన్న ఆసుపత్రిలో కొత్త డాక్టర్ని. రోగి మంచం పక్కకే తీసుకెళ్లగల స్కానింగు మిషను మాకు వచ్చింది గానీ, దానితో గుండెను చూడడం ఎవరికీ రాదు. వెళ్లి నేర్చుకుందామంటే ఉన్నదే ఇద్దరం డాక్టర్లం. ధైర్యం చేసి ఆవిడకు ఫోను చేశాను.

"నువ్వు రాలేకపోతే పాఠాన్నే బస్సెక్కిస్తానమ్మా" అన్నారు.

నిజంగానే వారం వారం కొవ్వూరు బస్సు కండక్టరు చేతికిచ్చి ఓ సీడీ పంపేవారు. నిండా కొట్టుకుంటున్న గుండెల బొమ్మలు. ఏ జబ్బో రాసి ఉండేది కాదు. మధ్యాహ్నం ఆవిడ ఫోను చేస్తే, నేను కంప్యూటర్లో బొమ్మ ఆపి ఆపి చూస్తూ వర్ణించాలి. తొందరపడి జబ్బు పేరు చెప్పానా, "పేరు తర్వాతమ్మా. నాకిక్కడ బొమ్మ కనపడట్లేదుగా, ముందు మాటల్లో చూపించు" అనేవారు. ఆ పాఠం కోసం పొద్దుటి నుంచీ గడియారం చూసేదాన్ని.

ఒకరోజు పొద్దున్నే, చేపలు పట్టే సత్తెయ్యను భార్య ఆటోలో తెచ్చింది. పడుకోబెడితే ఊపిరాడడం లేదు. బీపీ పడిపోతోంది. మిషను పెట్టాను. నర్సు సుభద్ర గారికి ఫోను కలిపి నా చెవికి ఆనించి పట్టుకుంది.

"గుండె చుట్టూ నల్లటి పట్టీలా ఉందండి. కుడివైపు గది నొక్కుకుపోతోంది."

"అది నీరమ్మా. వంతెన దాటి ఇక్కడికి వచ్చేదాకా ఆగడు. సూదితో నువ్వే తియ్యాలి."

"నేనా అండీ?" అంటూనే, ఆవిడ చెప్పిన చోట సూది గుచ్చాను.

"సూది కొన తెర మీద కనపడుతోందా?"

"కనపడుతోందండి."

"మరింకేం? పోనివ్వు. నేను ఫోను పెట్టెయ్యను."

సిరంజి నిండేకొద్దీ తెర మీద గుండె విచ్చుకోవడం కళ్లారా చూశాను. సత్తెయ్య నిండుగా ఊపిరి తీసుకుని, "మంచినీళ్లిప్పించండమ్మా" అన్నాడు. నేను సంతోషం పట్టలేక ఫోనులో అరిచాను. అవతల ఆవిడా అరిచారు! తర్వాత అతన్ని ఆవిడ దగ్గరికే పంపాం. కోలుకుని మళ్లీ పడవెక్కాడు.

కొన్నాళ్లకు మరో సీడీ వచ్చింది. చూసినదంతా ఫోనులో చెప్పాను.

"ఇది పాఠం కాదమ్మా, నా పేషెంటు. నాకే తేలక నిన్నడిగాను. ఇప్పుడు తేలింది" అన్నారు.

ఆ రోజు నా కాళ్లు నేల మీద నిలవలేదు. ఇప్పుడు నేనూ వీడియో కాల్లో దూరపు ఊళ్ల డాక్టర్లకు స్కానింగు నేర్పుతున్నాను. నాకు తేలనిది ఎదురైతే, మొహమాటం లేకుండా వాళ్లనే అడుగుతాను.