శనివారం మేస్త్రి కొట్టు

ఆఁ, మన శనివారం మేస్త్రి కొట్టు ఖాళీ చేస్తున్నాడన్నాను కదా, అక్కడే ఆగాం. మీరేమో మధ్యలో మృగం సంగతేంటన్నారు. వస్తున్నా, వస్తున్నా!

కుట్టుమిషన్లు బాగుచెయ్యడం ఆయన పని. పెళ్లికి ముందు నుంచీ అదే కొట్టు. శుక్రవారం పొద్దుగుంకితే, మిషను పొట్ట విప్పి ఉన్నా సరే, షట్టరు దించేస్తాడు. శనివారం విశ్రాంతి దినం, ప్రార్థనకే. మళ్లీ తెరిచేది ఆదివారం పొద్దున్నే. తీరిక దొరికితే బైబిల్లో దానియేలు గ్రంథంలోని ప్రతిమ గురించి చెబుతాడు. బంగారు తల ఒక రాజ్యం, వెండి రొమ్ము ఇంకొకటి, అలా కిందికి.

"మరి మనం ఎక్కడున్నాం మేస్త్రీ?"

"కాలిగోళ్ల దగ్గర, మాస్టారూ."

"అయితే కత్తిరించే వేళయిందన్నమాట!"

నవ్వడు. నవ్వితే పాపమనుకుంటాడో ఏమో.

మొన్న కొట్టు యజమాని వచ్చి, "ఇకనుంచి ఆదివారం వీధిలో కొట్లన్నీ మూసెయ్యాలి, వర్తక సంఘం నిర్ణయం" అని చెప్పి వెళ్లాడు. మేస్త్రి ఆ సాయంత్రమే సామాను సర్దడం మొదలుపెట్టాడు. ఆదివారాన్ని చట్టం చేసి మనుషుల నెత్తిన రుద్దడమే చివరి రోజులకు గుర్తని ఆయన నమ్మకం. బైబిలు చివర్లో చెప్పిన మృగం అప్పుడే వచ్చి, తనకు లొంగినవాళ్ల మీద ముద్ర వేస్తుందట.

"ఒక్కరోజు మూస్తే మృగం ముద్ర పడిపోతుందా?" అన్నాను.

"మూస్తే పడదండీ. ఇవాళ ఆదివారం మూయమంటారు, రేపు శనివారం తెరవమంటారు. అప్పుడు తలొగ్గితే పడుతుంది. ముందే ఊరవతలికి పోవడం మంచిది."

లోపల్నుంచి ఆయన భార్య వచ్చింది. "ఊరవతల మిషన్లు ఎవరికున్నాయి, కొంగలకా? చూడండి అన్నయ్యగారూ, ఈ వారమే తాళం ఇచ్చేస్తారట. ఈయనకు ఇంకో పని చాతకాదు!"

నాకెందుకో తేడా కొట్టింది. పక్క పిండిమర ఆవిణ్ణి అడిగాను.

"ఆదివారం మూయాలా? ఎవడా మాటన్నది? నాకు గిరాకీ ఉండేదే ఆ రోజు!"

ఎదుటి మంగలికీ ఎవరూ చెప్పలేదట. అప్పుడు గుర్తొచ్చింది. పెళ్లాం మాటే సగంలో తుంచేసే ఆ యజమాని, పోయిన నెల మేస్త్రి ముందు కూర్చుని మృగం కథంతా ఓపిగ్గా విన్నాడు. "ఆదివారం చట్టం వస్తే నువ్వేం చేస్తావ్?" అని గుచ్చి గుచ్చి అడిగాడు. పోన్లే, భక్తి పుట్టిందనుకున్నాను. తర్వాత కొద్దిరోజులకే ఆ యజమాని అల్లుడు టేపు పట్టుకుని ఆ కొట్టు కొలిచి వెళ్లాడు.

"ఇది మృగం పని కాదయ్యా, మామా అల్లుళ్ల పని!" అని మేస్త్రితో అన్నాను.

"మృగం మనుషుల చేతే చేయిస్తుంది మాస్టారూ."

"సరే, అలాంటి నిర్ణయమే లేదని వర్తక సంఘం అధ్యక్షుడు చెబితే?" అన్నాను.

స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు. "ఆయన నోటితో అంటే ఉండిపోతాను. అబద్ధానికి భయపడి పారిపొమ్మని ఏ వాక్యమూ చెప్పలేదు."

ఆ అధ్యక్షుడికీ యజమానికీ పేకాట స్నేహమని మంగలి చెవిలో వేశాడు. అందుకే వాళ్లిద్దరూ కూడబలుక్కునే వ్యవధి ఇవ్వదలచుకోలేదు. రేపు పొద్దున్నే మేస్త్రిని పక్కన కూర్చోబెట్టుకుని, స్పీకరు పెట్టి మరీ, ఆ అధ్యక్షుడికి కాఫీ గొంతు దిగకముందే ఫోన్ చేస్తాను.