ఎనిమిది తీగల ముహూర్తం

చైతన్యకృష్ణకి తెలియని విషయమంటూ లేదు. తెలుసుకోవాలన్న ఆసక్తి ఉన్న విషయమూ లేదు. గుంటూరు బైపాస్ పక్కన మేనమామ బుల్లయ్య గారికి ఐదు మిర్చి కోల్డ్ స్టోరేజీలున్నాయి. ఆ మేనమామ పుణ్యమా అని మేనల్లుడుగారు కంప్యూటర్ల విభాగానికి మేనేజరయ్యాడు. రెండు రోజుల శిక్షణకి వెళ్లొచ్చి, వాళ్లిచ్చిన సర్టిఫికెట్‌కి అద్దం కట్టించి గోడకి తగిలించాడు. అక్కడితో ఆయన చదువు పూర్తయింది.

ఆ గోడ పక్కన కూర్చుని పనంతా చేసేది మహిమ. పెదకాకాని పిల్ల. తల్లి మిర్చి యార్డులో తొడిమలు తీసి చదివించింది. మూడేళ్లుగా కాంట్రాక్టు మీదే ఉంది. కంప్యూటర్లలో ఇప్పుడు తలపెట్టిన స్విచ్చి మార్పు సవ్యంగా అయితే పర్మనెంటు చేస్తామని బుల్లయ్య గారు నోటితో చెప్పారు. మహిమకి కావలసింది ఆ ఆర్డరు కాగితమొక్కటే. అదొస్తే తల్లిని ఆ మిర్చి ఘాటులోంచి, ఆ దగ్గులోంచి ఇంటికి తెచ్చుకోవచ్చు.

పని ఇదీ. సర్వర్ గదిలో నాలుగు పెద్ద యంత్రాలున్నాయి. ఒక్కోదాని లోపల కంటికి కనపడని సర్వర్లు పదేసి నడుస్తాయి. ఐదు కోల్డ్ స్టోరేజీల పనీ వాటి మీదే. వాటిని బయటితో కలిపే స్విచ్చి కూడా లోపలే, సాఫ్ట్‌వేర్‌తో చేసిందే. యంత్రానికొకటి చొప్పున నాలుగు స్విచ్చిలు. ఏ చిన్న మార్పైనా నాలుగు చోట్లా చేసుకోవాలి. ఇప్పుడు నాలుగింటికీ కలిపి ఒకే స్విచ్చి పెట్టాలి. ఒక్కో యంత్రానికీ బయటికి రెండు తీగలున్నాయి. ముందు ఒక తీగని తెర మీదే కొత్త స్విచ్చికి మార్చి, అంతా బాగుందని చూసుకుని, అప్పుడు రెండోది మార్చాలి. వాగు దాటేటప్పుడు కాలు మార్చినట్టే. పెద్ద తెలివి అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు. చైతన్యకృష్ణకి రెండూ లేవు.

ఆయన దీనికి ముహూర్తం పెట్టించాడు. పూజారి గారు పాపం, ఉదయమంతా మంచిదే నాయనా, నింపాదిగా చేసుకోండి అన్నారట. ఈయన ఊరుకుంటాడా? ఫోన్‌లో పంచాంగం చూసి, తన నక్షత్రానికి పది నలభై రెండు నుంచి పదకొండు ఆరు దాకానే దివ్యంగా ఉందని తేల్చాడు. నాలుగు యంత్రాలూ ఆ ఇరవై నాలుగు నిమిషాల్లో మారిపోవాలట. యంత్రాలకి గంధం, బొట్టు పెట్టాడు. అదీ గాలి పోయే జాలీకే పెట్టాడు మహానుభావుడు. మహిమ ఓ పక్కన కళ్లు మూసుకుని తన ప్రార్థన తను చేసుకుంది. పూజతో ఆమెకి పేచీ లేదు, ఆ గడియారంతోనే.

మొదటి యంత్రానికి మొదటి తీగ మార్చింది. కొత్త స్విచ్చి పలకలేదు. బయట ఇనప చట్రంలో, ఈ తీగలన్నీ వెళ్లి చేరే అసలు స్విచ్చిలో ఎవరో ఏదో అనుమతి ఇవ్వటం మరిచారు. నష్టమేమీ లేదు, రెండో తీగ మీద పనంతా నడుస్తూనే ఉంది. ఆ లోపమేదో వెతుకుతుంటే పది యాభై ఎనిమిదయింది. ఇంకో అరగంట పడుతుందని చెప్పింది.

"లే మహిమా, నువ్వు లే. నేను చూస్తా" అన్నాడు చైతన్యకృష్ణ.

మహిమ లేచింది. ఎందుకు లేచిందంటే ఏం చెబుతాం? ఆయన లెమ్మన్నాడు, లేచింది.

ఆ కుర్చీలో కూర్చుని ఆయన వెలగబెట్టిన ఘనకార్యం వినండి. తేడా వస్తే యంత్రం దానంతటదే పాత పద్ధతికి తిరిగొచ్చే ఏర్పాటొకటి ఉంటుంది. ముహూర్తానికి మొదలుపెట్టింది వెనక్కి తిరగటం అశుభమని ముందు దాన్ని ఆపేశాడు. మహిమ వద్దు సర్ అని రెండుసార్లు అంది. వినిపించుకుంటేగా! ఎనిమిది తీగలకీ టిక్కులు పెట్టి నొక్కాడు. పదకొండు నాలుగుకి ఐదు కోల్డ్ స్టోరేజీలూ ఒక్కసారిగా మూగబోయాయి. గేటు పాసు రాదు, లోపలి గదులు ఎంత చల్లగా ఉన్నాయో తెలీదు. వినుకొండ నుంచి కాయలు తెచ్చిన రైతులు ఎండలో లారీల పక్కన నిలబడి నోటికొచ్చినట్టు తిడుతున్నారు. సరిగ్గా అప్పుడే మేనేజరుగారికి బయట అర్జంటు పని తగిలింది.

మహిమ ఒక మానిటరూ కీబోర్డూ మోసుకెళ్లి, ఒక్కో యంత్రానికీ నేరుగా తగిలించి, పాత స్విచ్చిలన్నీ మళ్లీ నిలబెట్టింది. రెండున్నర గంటలు పట్టింది. గదులు వేడెక్కలేదు, కాయ చెడలేదు.

సాయంత్రం బుల్లయ్య గారు పిలిచారు. బల్ల మీద కాగితాలున్నాయి. ఎవరు ఏ నిమిషాన ఏం నొక్కారో సర్వర్ రాసి పెట్టుకుంటుంది. మేనల్లుడు దాన్ని అచ్చు తీయించి మేనమామ చేతిలో పెట్టాడు. ఆ మాత్రం పని ఆయనకి వచ్చు. ప్రతి వరసలోనూ మహిమ పేరే. ఆమె పేరుతో తెరిచిన తెర ముందే కదా ఆయన కూర్చున్నది! మహిమ జరిగింది జరిగినట్టు చెప్పింది. బుల్లయ్య గారు విన్నారు. నిజమేదో ఆయనకి అర్థమైంది, కానీ చెల్లెలి కొడుకుని ఏమంటారు?

"తప్పయిందని ఓ ముక్క రాసివ్వు అమ్మాయ్. ఆర్డరు రేపే ఇప్పిస్తాను" అన్నారు.

మహిమ తన బల్ల దగ్గరికెళ్లి కాగితం తీసుకుంది. దగ్గుతున్న తల్లి గుర్తొచ్చింది. అయినా రాసింది: "ఈ రోజు నేను చేసిన తప్పు ఒక్కటే. చైతన్యకృష్ణ గారు లెమ్మనగానే కుర్చీలోంచి లేచాను."

దీంతో ఆర్డరు పోతుందని తెలుసు. తెలిసే సంతకం పెట్టింది. తీసుకెళ్లి పెద్దాయన ముందు ఉంచింది. ఆయన కళ్లజోడు వెతుక్కుంటుంటే, ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది.