సెమే పిల్ల మిషన్ సంచి

అవీనోని సరస్సు ఒడ్డున ఉన్న మా కిసుములో ఎవరూ అవీనో అనరు, సెమే పిల్ల అంటారు. యాభై దాటి మనవలు పుట్టినా, మాలో ఆడది తన పుట్టినూరికి పిల్లే. నేను అలెగో పిల్లని. మా ఇద్దరికీ నడుమ ఇంట్లో ఉండే అడోంగో గెమ్ పిల్ల. ముగ్గురం ఒకే వీధికి కాపరానికొచ్చి, ఒకరింటి ఉప్పు ఇంకొకరు వాడుకుంటూ తలలు నెరిపించుకున్నాం.

సెమే పిల్ల ఆడపిల్లల బడిలో వంటమనిషి. బడికంతా సరిపడా మొక్కజొన్నపిండి ఉగాలి ముద్ద కట్టెల పొయ్యి మీద కెలికి కెలికి, ఆ పొగంతా రొమ్ములో నింపుకుంది. ఉబ్బసం. డాక్టరు చెబితే చిన్న మిషన్ ఒకటి కొనుక్కుంది. మందు పోసి స్విచ్చి వేస్తే గుర్రుమంటూ ఆవిరి వస్తుంది, మూతికి తొడుగు పెట్టుకుని పీల్చాలి. దాన్ని నీలం సంచిలో వేసుకుని చర్చికి కూడా తెచ్చేది. ఒకసారి పాస్టరుగారి ప్రార్థన నడుమ ఆయాసం వచ్చి మిషన్ నడిపితే, ఆయన కంగారుపడి ఆమెన్ అనేశాడు. ఆ రోజు నుంచి మా చర్చిలో ఆ మిషన్ అంటే అందరికీ ఇష్టం.

అడోంగో కూతురు మొంబాసాలో ప్రసవించింది. బిడ్డను చూడటానికి తల్లి ఒంటరిగా వెళ్ళకూడదు, తోడు ఆడవాళ్ళు ఉండాలి. అల్లుడు ఒబురా మా ముగ్గురికీ విమానం టిక్కెట్లు కొని, తీసుకెళ్ళడానికి తనే వచ్చాడు. మాలో అత్తా అల్లుడూ ఎదురెదురుగా కూర్చుని తినరు, చేతులు కలుపుకోరు. ఒకరి ముందు ఒకరు చులకన కావడం కంటే దారి మార్చుకుని పోవడం నయమనుకుంటారు.

“అలెగో అమ్మా, విమానంలో బరువులు కుదరవు. చేపలు తేవద్దని వాళ్ళతో చెప్పండి,” అన్నాడతను నాతో. ‘వాళ్ళు’ అంటే పక్కగదిలో అన్నీ వింటున్న అత్తగారు.

“వద్దనకపోతే అతనేం అల్లుడు? తేకపోతే నేనేం అత్తని?” అంది అడోంగో, అతను బయటికి వెళ్ళాక. “సరస్సు చేప లేకుండా బాలింత ముందు ఏ మొహంతో నిలబడను?”

కానీ ఆమె పెట్టె అప్పటికే ఒంటికి చుట్టుకునే లెసో బట్టలతో, రాగి పిండితో పొట్ట పగిలేలా ఉంది. చేతి సంచికి ఏడు కిలోలే హద్దు, అదీ నిండింది. మేమిలా తల పట్టుకుని ఉంటే సెమే పిల్ల గొప్పగా చెప్పింది:

“నాకు ఆ గొడవ లేదమ్మా. విమానం ఆఫీసువాళ్ళని అడిగాను. జబ్బు మిషన్‌ది వేరే లెక్కట, నా సంచితో కలపరట.”

“అంటే తూచరా?” అంది అడోంగో.

“తూచరు.”

“విప్పి చూడరా?”

“చూస్తే చూడనీ. లోపలున్నది నా ఊపిరేగా.”

అడోంగో ఆమెకి ఇంకో కప్పు టీ పోసింది, అడక్కుండానే. అప్పుడైనా నాకు బుర్ర వెలగాల్సింది.

మర్నాడు విమానాశ్రయంలో కౌంటరు దగ్గర కుర్రాడు నీలం సంచికి ఎర్ర చీటీ కట్టాడు. “ఇందులో మిషన్ తప్ప ఇంకేమీ లేదు కదమ్మా?”

“దేవుడి సాక్షి నాయనా.” బడి వంటింట్లో గరిటెడు నూనె కూడా ఎక్కువ రాయించని మనిషి. ఆమె మాట మీద వాడు సంచి తెరవలేదు. అడోంగో పెట్టె బెల్టు మీద లోపలికి వెళ్ళిపోయింది.

తర్వాత తనిఖీ. తెర ముందు కూర్చున్న బొద్దుపాటి మనిషి కుర్చీలోంచి ముందుకు వంగాడు.

“అమ్మా, మీ మిషన్‌కి వెన్నెముక ఉందే! పక్కటెముకలు కూడా!”

జిప్పు లాగాడు. పాత పత్రికల్లో చుట్టిన పొగచేపలు రెండు, నోళ్ళు తెరుచుకుని. ప్లాస్టిక్ సంచులు మా దేశంలో నిషేధం కదా, వాసనకి అడ్డేముంది? వరసలో ఉన్నవాళ్ళంతా ముక్కులు ఎగబీల్చి నవ్వారు. కౌంటరు కుర్రాడిని పిలిపించారు.

“దేవుడి మీద ఒట్టేశారు కదమ్మా!” అన్నాడు వాడు, కోపం కంటే బాధతో.

సెమే పిల్ల చేపల వంక చూసింది, తర్వాత అడోంగో వంక. అడోంగో తలగుడ్డ సర్దుకుంటోంది. వెనకే ఒబురా.

“పెద్దమ్మా, నాతో అంటే నేనే ఏదో ఏర్పాటు చేసేవాణ్ణి కదా,” అన్నాడతను జాలిగా. ఆ జాలి నాకే చురుక్కుమంది.

అప్పుడు అడోంగో, అల్లుడికి వినబడేలా, “ఇదేం పనే సెమే పిల్లా! ఇంత వయసొచ్చి!” అంది.

ఆ వెంటనే చెవి దగ్గరకు వంగి, “రాత్రి నేనే మార్చాను, మిషన్ నా పెట్టెలో భద్రంగా ఉంది, దిగగానే ఇస్తా. అల్లుడున్నాడే, కాస్త ఓర్చుకో,” అంది. పక్కనే ఉన్నాను గనుక నాకూ వినబడింది.

సెమే పిల్ల ఓర్చుకునేదే. ఓర్చుకోవడం ఆమెకి అలవాటు. కానీ రొమ్ములో పిల్లికూతలు మొదలయ్యాయి.

“చేపలు వదిలేసి వెళ్ళండి,” అన్నాడు తనిఖీ మనిషి.

“నా మిషన్ లేకుండా ఎక్కను.”

“ఎక్కడుందది?”

ఆమె ఒబురాను చూసింది, అడోంగోను చూసింది. అడోంగో కళ్ళతోనే బతిమాలింది. సెమే పిల్ల ఊపిరి కూడదీసుకుని, “కిందకి వెళ్ళిన గోధుమరంగు పెట్టెలో. అడోంగో అని పేరుంటుంది,” అంది. అంతే. ఎవరు పెట్టారో చెప్పలేదు.

పెట్టె వెనక్కి వచ్చింది. రాగి పిండి కాస్త తగ్గించిన చోట, పసిబిడ్డ కోసం కొన్న లెసోలో చుట్టి ఉంది మిషన్. ఒబురా గోడ వైపు తిరిగి, అక్కడ లేని కాగితమేదో చదవడం మొదలెట్టాడు. అత్తగారి చిన్నతనం కళ్ళబడకూడదుగా.

ఫోన్లు చార్జింగ్ పెట్టుకునే చోట సెమే పిల్లని కూర్చోబెట్టాం. ఎవరో కుర్రది తన ఫోను పీకి దారిచ్చింది. మిషన్ గుర్రుమంది. తొడుగు వెనక ఆమె కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి.

అడోంగో వచ్చి ముందు నిలబడింది. క్షమాపణ అడుగుతుందనుకున్నాను.

“అల్లుడి ముందు నా పరువు తీశావు. నీకేం ద్రోహం చేశానే నేను?”

సెమే పిల్ల తొడుగు తీసింది. “ఏమీ చెయ్యలేదు. పో, నీ మనవరాలు ఎదురుచూస్తూ ఉంటుంది.”

విమానానికి పిలిచారు. అడోంగో వెనక్కి చూడకుండా నడిచింది. నేను అటూ ఇటూ కాకుండా నిలబడితే, సెమే పిల్ల చేత్తో ఈగని తోలినట్టు నన్ను తోలింది. ఒబురా ఆమెకి కొన్న టిక్కెట్టు అక్కరకు రాకుండా పోయింది. ఆమె మోటారుసైకిలెక్కి మిషన్ ఒళ్ళో పెట్టుకుని ఇంటికి వెళ్ళిందని తర్వాత తెలిసింది.

మొంబాసాలో వారమంతా అడోంగో చెప్పిన కథలో, నమ్మిన స్నేహితురాలే ఆమెను బజారుకీడ్చింది. నేను తిరిగొచ్చి నేరుగా బడి వంటింటికి వెళ్ళాను. సెమే పిల్ల బియ్యం ఏరుతోంది. అడోంగో ఊసు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

చేట కుదుపుతూ, “బిడ్డ ఎవరి పోలిక?” అంది.

“అచ్చం అమ్మమ్మే.”

చేటలోంచి రాయి ఒకటి తీసి బయటికి విసిరింది.

“పాపం,” అంది.