మా ఊరు ఆమెకే తెలుసు

అమీర్‌పేట మెట్రో మెట్ల కింద ఈ మధ్య ఒకతను మురీ మిక్చర్ బండి పెట్టాడు. మరమరాల్లో కలిపిన ఉల్లిపాయ, పచ్చిమామిడి తురుము మీద నిమ్మకాయ పిండగానే లేచే ఆ పుల్లటి వాసనకి నాకు విశాఖ బీచ్ రోడ్డు గుర్తుకు రావాలి. అక్కడే పుట్టి పెరిగినదాన్ని. కానీ ముందు గుర్తొచ్చేది స్వరూపక్క. ఆమెది సిరిసిల్ల. మరమగ్గాల చప్పుడులో పెరిగి, భర్త కుట్టుపని కోసం అమీర్‌పేట వచ్చిన మనిషి. అయినా మా ఊరి గురించి ఎవరేం తెలుసుకోవాలన్నా, నేను ఎదురుగా కూర్చుని ఉండగానే, ఆమెనే అడిగేవారు.

పంజాగుట్టలో ఒక చిన్న యాత్రల ఆఫీసులో చేరినప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. గుంపును రైలెక్కించి, ఊరు చూపించి, క్షేమంగా తీసుకురావడం మా పని. "మాది వైజాగేనండి" అని ఇంటర్వ్యూలో గర్వంగా చెప్పాను. ఆ యాత్రలు నాకే ఇస్తారనుకున్నాను. మా ఓనరు నవ్వి, "వైజాగ్‌కి స్వరూపమ్మ ఉందిగా. ఆమె వెంట వెళ్లి నేర్చుకో" అన్నారు. నా ఊరిని నేను ఇంకొకరి దగ్గర నేర్చుకోవాలా? ఆ రోజంతా అన్నం సహించలేదు. సాయంత్రం స్వరూపక్కే నా బల్ల దగ్గరికి వచ్చింది.

"వైజాగ్‌ల ఏ దిక్కు మీది?"

"మర్రిపాలెమండి."

"పాతపట్నంల మూడు కొండలున్నయి గదా. ఒకదాని మీద గుడి, ఒకదాని మీద దర్గా, ఇంకోదాని మీద చర్చి. ఎక్కినవా?"

"చిన్నప్పుడే ఎక్కేశాను" అన్నాను. పచ్చి అబద్ధం. నాకు తెలిసిన విశాఖ అంటే ఇల్లు, కాలేజీ, ఆదివారం బీచ్. అంతే. శ్రీనగర్ కాలనీ నుంచి ఎవరైనా ఫోన్ చేస్తే, "స్వరూప గారు వస్తున్నారా? అయితే మాకు నాలుగు సీట్లు" అనేవారు. "నేనూ వస్తున్నానండి, మా ఊరే అది" అని చెబితే "ఓహో" అని పెట్టేసేవారు. ఆ "ఓహో" రోజంతా నా చెవిలో గింగిర్లు తిరిగేది.

ఒకసారి ఎర్రమంజిల్ క్వార్టర్ల నుంచి రిటైరైనవాళ్లని పద్దెనిమిది మందిని తీసుకుని ఇద్దరం వెళ్లాం. ఫిషింగ్ హార్బర్‌లో కత్తిపీట ముందు కూర్చున్న ఒకావిడ తలెత్తి, "ఏటే స్వరూపా, ఇన్నాళ్లకి గుర్తొచ్చానేటి?" అని అరిచింది. చేతికి పొలుసులు అంటుకుని ఉండగానే లేచి ఆమె భుజం పట్టుకుంది. తర్వాత నా వైపు చూసి, "ఈ పిల్లదీ హైదరాబాదేనా?" అంది. నా ఊళ్లో, నా యాసలో, నన్ను పరాయిదాన్ని చేసిన ఆ ఒక్క మాటకి నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలకి వెళ్లాం. స్వరూపక్క డ్రైవరుతో భోజనాల సంగతి మాట్లాడుతుంటే, నేను అయిదుగురిని పక్కకి పిలిచి, "మా ఊరివాళ్లకే తెలిసిన దారొకటుంది, నేరుగా సముద్రం కనబడుతుంది, రండి" అన్నాను. అంతకుముందు ఆ దిబ్బల్లో నేను అడుగు పెట్టలేదు. అరగంటలో అన్ని మలుపులూ ఒకేలా కనబడసాగాయి. ఎండ నడినెత్తికొచ్చింది. నీళ్లైపోయాయి. లెక్కల మాస్టారుగా చేసిన ఒక పెద్దాయన మాట తడబడి, ఆ ఎర్రటి మట్టిలోనే కూలబడిపోయారు. నేను భయంతో గొంతు చించుకుని అరిచాను. చాలాసేపటికి పైనించి స్వరూపక్క గొంతు వినబడింది. జారుతూ దిగి వచ్చి, కొంగు తడిపి ఆయన మొహం తుడిచి, గుక్క గుక్కగా నీళ్లు తాగించింది. ఆయన తేరుకుని, "ఈ పిల్ల వెంట మమ్మల్ని ఎవరు పంపమన్నారండీ?" అని కసిరారు.

"నేనే పంపిన సారూ. తొవ్వ సక్కగ చెప్పలే. తప్పు నాదే."

ఫోన్లో ఓనరుకీ అదే చెప్పి, పక్కనున్న నాకు వినబడేంత గట్టిగా ఆయన పెట్టిన చీవాట్లన్నీ తిన్నది.

తిరుగు రైల్లో అడిగాను. "ఎందుకలా చెప్పారక్కా?"

"మరేం జెప్పాలె? నా మీద కుళ్లుతోని పోయిందని జెప్పాల్నా?"

నా మొహం భగ్గుమంది. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ అంది: "నాకు సుత ఉన్నది నీ మీద. నీకు నడక రానప్పుడే మీ నాయిన సముద్రం చూపిచ్చి ఉంటడు. నేను ముప్పై ఆరేండ్లకు చూసిన. గా పొద్దు ఒడ్డు మీద కూసొని మస్తు ఏడ్చిన. గింత పెద్దది ఉంటే ఇన్నొద్దులు నాకెవరూ చూపియ్యలేదేంది అని. గాడ పుట్టినోళ్లను చూస్తే కడుపుల మండేది. గా మంటతోనే సందు సందు తిరిగిన."

ఆమెకి నా మీద అసూయ ఉండొచ్చని నాకెప్పుడూ తోచలేదు. ఆమె ఆ అసూయతో ఊరంతా తిరిగింది. నేను మనుషుల్ని దిబ్బల్లో పడేశాను.

మర్నాడు ఓనరుకి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆరు నెలలు నన్ను యాత్రలకి పంపలేదు. ఆ ఆరు నెలల్లో సెలవు దొరికినప్పుడల్లా ఇంటికి వెళ్లి, పాతపట్నం కాలినడకన తిరిగాను. మూడు కొండలూ ఎక్కాను. మా నాన్న "ఏంటే, టూరిస్టువైపోయావా?" అని నవ్వారు.

స్వరూపక్క జబ్బు చేసి పోయి రెండేళ్లయింది. వైజాగ్ యాత్రలు ఇప్పుడు నావే. భోజనాల దగ్గర ఎవరో ఒకరు, "స్వరూప గారుంటే ఇంకా బాగుండేది" అంటూనే ఉంటారు. పోయిన మనిషి మీద కూడా కుళ్లు పుడుతుందని అప్పుడు నాకు తెలుస్తుంది. దాన్ని దాచుకోవడం మానేశాను. అందరినీ గదుల్లో దింపి, నేనెన్నడూ నడవని సందొకటి వెతుక్కుంటూ వెళ్తాను. ఎదురైన మొదటి మనిషిని ఆపి, "ఈ వీధి నాకు తెలియదండి, కాస్త చెబుతారా?" అని అడుగుతాను. పుట్టిన ఊళ్లో ఆ మాట అనడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.