వెనక్కి వేయని చీటీ

మామిడి పూత మీద మంచు దట్టంగా దిగిన పొద్దున, మా మరిది పోయాడన్న కబురు వచ్చింది. నేను వాకిట్లో నిలబడి తోట వైపే చూస్తున్నాను. మంచు ఇలాగే పడితే పూత మాడిపోతుంది, పిందె నిలవదు అని నా దిగులు నాది. అప్పుడు ఆ తెలుపులోంచి ఒక మనిషి గట్టు మీద నడుచుకుంటూ వచ్చాడు. మా మరిది దగ్గర చదువుకున్న కుర్రాడు, పొడుగువాడు. విస్సన్నపేటలో బొగ్గుతో నడిచే బస్సు దిగి నడిచొచ్చాడట. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని గేటు దగ్గరే ఆగిపోయాడు.

"లోపలికి రా బాబూ, మంచులో నిలబడతావేం?" అన్నాను.

"మాస్టారు, పెద్దమ్మగారూ..." అన్నాడు. అంతే.

ఇంకేం చెప్పనక్కర్లేకపోయింది. చెడ్డ కబురు వస్తుందేమోనని జన్మంతా గుమ్మంలో నిలబడి చూసినదాన్ని. అది వచ్చినప్పుడు గుర్తుపట్టడం ఎంతసేపు.

ఆయన శిష్యులు తమ పత్రికలో వేస్తాం, నాలుగు మాటలు రాయమన్నారు. నేను వీధిబడిలో మూడో పుస్తకం దాకా చదివినదాన్ని. మా మరిది యూనివర్సిటీలో చెప్పిన స్టాటిస్టిక్స్ గురించి నాకేం తెలుసు? ఆ మాటే నాకు సరిగ్గా నోరు తిరగదు. కానీ ఒక వేసవి అంతా ఆ పాఠాలు మా తోటలోనే జరిగాయి. చూసిందీ విన్నదీ రాస్తాను. "ఎంత తప్పు ఉండొచ్చో చెప్పకుండా లెక్క చెప్పడం సగం అబద్ధం" అనేవాడు. నా మాటల్లో తప్పు బాగానే ఉండొచ్చు. ముందే చెబుతున్నాను.

నేను కాపురానికి వచ్చేసరికి ఆయన నిక్కర్లేసుకునే పిల్లాడు. నా వంటింట్లోనే పెరిగాడు. పెద్ద చదువులు చదివి పెద్ద ఉద్యోగం చేసినా, సెలవులకు వస్తే వంటింటి గడప మీదే కూర్చునేవాడు. జేబులో ఎప్పుడూ సుద్దముక్క ఉండేది. మాట్లాడుతూ మాట్లాడుతూ నేను అలికిన నేల మీద అంకెలు వేసేసేవాడు.

ఒకసారి కాకి అరిచిందని నేను ఎసట్లో ఇంకో గిద్దెడు బియ్యం పోస్తుంటే అడిగాడు. "కాకి అరిచినా చుట్టాలు రాని రోజులు లెక్కపెట్టావా వదినా?"

"రాని చుట్టాల్ని ఎవరైనా లెక్కపెడతారట్రా?"

"అదే వదినా, నేను పిల్లలకు నేర్పేది!" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. నాకేం అర్థం కాలేదు. ఆ పూట ఎవరూ రాలేదు. మిగిలిన అన్నం మర్నాడు ఆయనే చద్దిగా తిన్నాడు.

తెల్లవాళ్లు వెళ్లిపోయిన మరుసటి వేసవికి సెలవు పెట్టి వచ్చాడు. వెంట ఒక దగ్గు తెచ్చుకున్నాడు. డాక్టరు ఎక్కువ మాట్లాడవద్దన్నాడు, కదలకుండా పడుకోమన్నాడు. ఇంట్లో పసిపిల్లలున్నారని, తోటలో కాపలా పాకలోనే ఉంటానన్నాడు. కంచం, గ్లాసు వేరే పెట్టించుకున్నాడు. వారం తిరక్కుండానే వెనకాలే ఎమ్మే చదివే పిల్లలు దిగారు. పరీక్ష ముందుంది, పాఠం సగంలో ఆగింది అన్నారు.

"నోరు కట్టుకోమన్నాడు కదయ్యా డాక్టరు," అన్నాను.

"చెట్లు మాట్లాడతాయి వదినా, నేను ఊరికే కూర్చుంటాను," అన్నాడు.

కూర్చున్నాడా! మా వైపు తోట గుత్తకు తీసుకునేవాళ్లు పిందెలప్పుడు వచ్చి, చెట్ల కింద అటూ ఇటూ తిరిగి, కంటితోనే కాపు అంచనా వేస్తారు. ఈయన అది వద్దన్నాడు. చెట్లన్నిటి మొదళ్లకు సున్నంతో నంబర్లు వేయించాడు. ఆ నంబర్లు చీటీల మీద రాసి ముంతలో వేయించాడు. చీటీ ఏ చెట్టు చెబితే ఆ చెట్టు కాయలే లెక్కపెట్టాలి. ఆ కాసిని చెట్లను బట్టి తోట మొత్తం ఎంత కాసిందో, అందులో ఎంత తప్పు ఉండొచ్చో పిల్లలు చెప్పాలి. అదీ పాఠం.

నా ప్రాణం కొట్టుకుపోయింది. కాయ కొమ్మ మీద ఉండగా లెక్కపెడితే దిష్టి. మా అత్తగారు తోటలో వేలెత్తి చూపించనిచ్చేది కాదు. ఆ మాట అంటే మా మరిది నవ్వలేదు. "కొలిచేటప్పుడు మనవాళ్లు 'ఒకటి' అనరు, 'లాభం' అంటారు. మీరూ అలాగే అనండి, మా వదిన నిద్రపోవాలి," అని పిల్లలకు చెప్పాడు. అంతంత చదువుకున్న పిల్లలు చెట్లెక్కి "లాభం, రెండు, మూడు" అంటుంటే తోటంతా కళ్లంలా ఉండేది. అయినా నేను రోజూ పొద్దుగూకే వేళ ఉప్పూ మిరపకాయలూ దిగదుడుస్తూనే ఉన్నాను.

ఒకరోజు చీటీ ఎర్రచీమల చెట్టుకు పడింది. ఆకులు కలిపి కుట్టినట్టు దాని నిండా గూళ్లే. పొడుగు కుర్రాడు వెళ్లి కాసేపట్లోనే లెక్కతో వచ్చాడు. మా మరిది ఆ లెక్క వైపు చూడనేలేదు.

"చేతులు చూపించవోయ్."

చూపించాడు.

"మెడ?"

"ఎందుకండీ మాస్టారూ?"

"ఒక్క చీమా కరవలేదే! నువ్వేమన్నా వాటికి చుట్టానివా?"

"కొత్తల్లుడండీ! మర్యాదలు చేసి పంపించుంటాయి," అన్నాడు పక్కవాడు. అందరూ పగలబడి నవ్వారు.

పక్క చెట్టు లెక్కపెట్టుకొచ్చానని కుర్రాడు ఒప్పుకున్నాడు. "అదీ చిన్నరసమే కదండీ, వయసూ అంతే..."

"చీమల చెట్టుకూ తోటలో వాటా ఉందోయ్. వెళ్లు," అన్నాడు మా మరిది. ఆయనా నవ్వబోయాడు. నవ్వు దగ్గయింది. చెట్టు పట్టుకుని చాలాసేపు వంగి ఉన్నాడు. పిల్లల నవ్వు ఆగిపోయింది.

ఇంకోరోజు గాలికి రాలిన కాయల్ని తూకం వేయించి, ఒకే బరువున్నవి ఒక వరసలో పేర్పించాడు. మరీ చిన్నవి కాసిని, మరీ పెద్దవి కాసిని, నడిమి రకం బోలెడు. పైనుంచి చూస్తే గడ్డివాము బొమ్మలా వచ్చింది. ఆ మాటే అన్నాను. "మా పుస్తకాల్లో గుడిగంట బొమ్మ అంటారు, వామే బాగుంది," అన్నాడు. తర్వాత అన్నిటికన్నా చివర, విడిగా పడి ఉన్న గోళీకాయంత పిందెను చూపించి, "వాములో కలవలేదని దీన్ని పారేయకండి. ఇదీ ఆ తోట బిడ్డే," అన్నాడు. పిల్లలు రాసుకుంటున్నారు. ఆయన మాత్రం ఆ పిందె మీంచి చూపు తిప్పలేదు.

ఇక ఇంకో చెట్టు సంగతి రాయాలి. తోట చివర పాత దిగుడుబావి పక్కన ఒక పెద్దరసం చెట్టుంది. దాని మీద పిడుగు పడింది. ఒక పక్క బొగ్గు, ఒక పక్క కాపు. పిడుగు పడ్డనాడు దాని కింద నిలబడ్డ జీతగాడు మళ్లీ లేవలేదు. అప్పట్నించీ దాని కాయ మేమెవరం నోట పెట్టం. కూలీలు చుట్టూ తిరిగి పోతారు.

చీటీలు నా చేతే తీయించేవాడు. "నాకు చెట్లన్నీ తెలుసు, పిల్లలకూ తెలిసిపోయాయి. చేతికి తెలియకుండానే ఇష్టం దూరుతుంది. నువ్వు తియ్యి," అనేవాడు. ఆ రోజు నేను తీసిన చీటీ కుర్రాడు చదివాడు. చదివి నా వైపు చూశాడు. ఆ చెట్టే.

"అది వద్దు. ఇంకోటి తీస్తాను," అని ముంత దగ్గరికి లాక్కున్నాను.

"తీసిన చీటీ వెనక్కి వేయకూడదు వదినా."

"ఒక్క చెట్టుకు నీ లెక్క మునిగిపోతుందట్రా?"

"మునుగుతుంది. భయమేసిన చెట్టు నువ్వు వదిలేస్తావు, చీమల చెట్టు వీడు వదిలేస్తాడు, ఎండలో ఉన్న చెట్టు నేను వదిలేస్తాను. ఆఖరికి మిగిలేది తోట కాదు, మన ఇష్టం."

పిల్లలు కదల్లేదు. ఆయనే లేచి వెళ్లాడు. పడమట ఆకాశం ఎర్రమట్టి రంగుకు తిరిగింది. గాలి బిగదీసుకుపోయింది, ఆకు కదలడం లేదు. ఆయన గొంతు వినిపిస్తోంది, లాభం, రెండు, మూడు అని. ఆ గొంతు నడుమ ఎక్కడో తెగిపోయింది. మేం పరుగెత్తాం. మొదలు మీద సున్నంతో వేసిన నంబరు మీద ఎర్రగా చుక్కలు. నేల మీద పడ్డదాన్ని కాలితో మట్టి లాగి కప్పుతున్నాడు. నేను చూశాను. పొడుగు కుర్రాడూ చూశాడు.

ఆ సాయంత్రం పాకలో ఏడ్చాను. "చెట్టే చేసింది, నా చెయ్యే తీసింది," అన్నాను.

"ఎన్ని చెట్ల కింద దగ్గాను వదినా? అవన్నీ నీకు గుర్తుండవు. ఇదొక్కటే గుర్తుంటుంది. ఇవాళ ఎక్కడున్నా పడాల్సిన రక్తమే."

"అదంతా నాకు తెలీదు. నువ్వు బతుకుతావా? అది చెప్పు."

ముంత అందుకుని ఒకసారి కదిపాడు.

"ఈ జబ్బు వచ్చినవాళ్లను చాలామందిని కలిపి అడుగు, చెబుతాను. ఎందరు లేస్తారో, ఆ మాటలో తప్పెంతో కూడా చెబుతాను. నన్నొక్కణ్ని చూపించి అడిగితే నా శాస్త్రానికి నోరు లేదు."

"అక్కరకు రాని శాస్త్రం, ఏం శాస్త్రమయ్యా!"

"ఆ మాట నేనూ ఇవాళే అనుకున్నాను," అని చిన్నగా నవ్వాడు.

పాఠం మాత్రం ఆపలేదు. పిల్లల్ని దూరంగా, గాలి వచ్చే వైపు కూర్చోబెట్టేవాడు. గొంతు రోజురోజుకూ సన్నబడింది. వినపడక పొడుగు కుర్రాడు కొంచెం కొంచెం ముందుకు జరిగేవాడు. "దూరం, దూరం," అని ఆయన చేత్తో తోసేవాడు. ఆయన పాకకు ఆనించిన బోర్డు వైపు తిరగ్గానే మళ్లీ జరిగేవాడు. కోతలయ్యాక చూస్తే కాపు ఆయన చెప్పిన హద్దుల్లోనే ఉంది. పిల్లలు పరీక్ష రాసి నెగ్గారు. ఆయన కొండల్లో ఉన్న శానిటోరియానికి వెళ్లాడు. బండెక్కేటప్పుడు నన్ను దగ్గరికి రానివ్వలేదు. దూరం నుంచే దణ్ణం పెట్టాడు. అక్కణ్నుంచి మళ్లీ తిరిగి రాలేదు.

మొన్న కబురు తెచ్చిన కుర్రాడు అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగాడు. ఇప్పుడు మాస్టారి పాఠాలు తనే చెబుతున్నాడట. ఆ ముంత ఇస్తారా అని అడిగాడు. పాకలో చూరుకు వేలాడుతోంది, చీటీలతో సహా తీసి ఇచ్చాను. ఇస్తుంటే అతనికి దగ్గొచ్చింది. మొహం పక్కకు తిప్పుకుని దగ్గాడు.

"ఎప్పట్నించి బాబూ ఆ దగ్గు?"

"మంచుకండీ పెద్దమ్మగారూ. ఏం లేదు."

గట్టు మీద నడిచి వెళ్లాడు. మంచులో ముందుగా కాళ్లు కనిపించడం మానేశాయి, తర్వాత మనిషి. దగ్గి బాగానే ఉన్నవాళ్లను లెక్కపెట్టుకుందామని చూశాను, మా మరిది చెప్పినట్టే. మా ఇంటాయన దగ్గేవాడు, పోయింది మాత్రం ఈ జబ్బుతో కాదు. చాకలి ముసలమ్మ ఏటా మాఘంలో దగ్గుతుంది, రాయిలా ఉంది. లాభం, రెండు. మూడో మనిషి కోసం వెతుక్కుంటున్నాను. ఇంతలో మంచులోంచి, దిగుడుబావి వైపు నుంచి, దగ్గు మళ్లీ వినిపించింది. అటు చూస్తే మనిషి లేడు. చెట్ల మొదళ్ల మీద ఆ వేసవి వేసిన సున్నం నంబర్లు మాత్రం ఇంకా తెల్లగా, వరసగా కనిపిస్తున్నాయి.