రాహేలమ్మ గారిని వెనక్కి పిలవని రోజు

గొప్ప నాయకురాలినైపోదామని బయల్దేరి, ఒక్క పూటలో మా కొట్టు పరువును నందిగామ దాకా ఊరేగించిన వైనం చెబుతాను. నవ్వొస్తే ఆపుకోకండి. జగ్గయ్యపేట మెయిన్ బజారు ఎప్పుడో నవ్వేసింది. మిగిలింది మీరే.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. మాది బట్టల కొట్టు. నేను చీరల బేళ్ల మధ్య పాకడం నేర్చుకున్నాను. పలకాబలపం కూడా బేరమాడి కొన్న పిల్లని. అలాంటిదాన్ని విజయవాడలో 'స్ఫూర్తినిచ్చే నాయకత్వం' అనే శిక్షణ తరగతికి వెళ్లాను. ఫీజు తగ్గించమని గుమ్మంలోనే గొడవపడి, భోజనంలో ఇంకో స్వీటు కొసరు వేయించుకుని మరీ చేరానని మనవి. అక్కడ కోటు వేసుకున్న ఒకాయన, "మీ విలువలేమిటో మీ మనుషులకు చెప్పండి. ముందు మీరు పాటించండి. వాళ్లే మీ వెంట నడుస్తారు" అన్నాడు. నాకు ఒళ్లు పులకరించింది. హాల్లో ఏసీ ఎక్కువైందేమోనన్న అనుమానం నాకు చాలా ఆలస్యంగా వచ్చింది.

అప్పటికే నాన్నకు మోకాళ్ల నొప్పులు. పెళ్లిళ్ల సీజను గడిచేదాకా గల్లా దగ్గర నన్ను కూర్చోబెట్టారు. అది కూడా నచ్చకపోతే వాపసు తీసుకునే షరతు మీద. ఆ రోజు వేదాద్రి వెళ్తూ చెప్పులేసుకుంటూ అన్నారు:

"అమ్మాయ్, ఇవాళ పెనుగంచిప్రోలు నుంచి రాహేలమ్మ గారొస్తారు. మనవరాలి పెళ్లి. మీ తాతగారప్పట్నుంచీ వాళ్లింట్లో పెళ్లి బట్టలన్నీ మన కొట్టువే. ఆవిడ్ని జారవిడిచావంటే రేపట్నుంచి ఇక్కడ మీ బావ కూర్చుంటాడు."

మా బావకు పట్టుకీ పాలిస్టరుకీ తేడా తెలియదు. ఆయన కూర్చునే కుర్చీలో నేను కూర్చోలేకపోతే బతికి లాభమేమిటి?

"మీరు నిశ్చింతగా వెళ్లిరండి నాన్నా. ఇవాళ్టి నుంచి మన కొట్టు వేరే" అన్నాను. ఆ మాట అక్షరాలా నిజమైంది.

నాన్న ఆటో మలుపు తిరగ్గానే స్టూలెక్కాను. శ్రోతలు ఇద్దరు. ఒకరు నాకంటే ముందు నుంచీ కొట్టులో ఉన్న సుబ్బారావు బాబాయ్. రెండోది కుమారి. కొత్తగా చేరిన పిల్ల, మెతక మనిషి. కస్టమరు గట్టిగా దగ్గితే రేటు తగ్గించేసే రకం.

"మనం రేటు ఎక్కువ చెప్పి తర్వాత తగ్గిస్తున్నాం. అంటే మొదట చెప్పింది అబద్ధమేగా?" అన్నాను.

"అబద్ధం కాదమ్మాయ్, మర్యాద" అన్నాడు బాబాయ్.

"ఈ క్షణం నుంచి మన విలువ సత్యం. ఒకే ధర. బేరం లేదు. దిగి వెళ్లేవాళ్లని వెనక్కి పిలవడం అసలే లేదు. నేను ఎదురుగా ఉన్నా లేకపోయినా, ఆఖరికి నేనే వచ్చి తగ్గించమన్నా సరే, మీరు తగ్గించకూడదు. ఏదీ, చెయ్యి చాపి ప్రమాణం చేయండి."

కుమారి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చెయ్యి చాపింది. బాబాయ్ కూడా చాపాడు, ఇంజక్షన్ చేయించుకునేవాడిలా మొహం పక్కకు తిప్పుకుని.

మా బజారు పద్ధతి తెలియనివాళ్లకి ఒక్క ముక్క చెప్పాలి. మేమొక రేటు చెబుతాం. కస్టమరు సగానికి అడుగుతుంది. మేం నొచ్చుకుంటాం. ఆవిడ లేస్తుంది, చెప్పులేసుకుంటుంది, మెట్లు దిగుతుంది. అప్పుడు మేం "అమ్మా, రండమ్మా, ఒక్క మాట!" అని కేకేస్తాం. అసలు బేరం అప్పుడే మొదలు. పిలవకపోతే ఆవిడకు అవమానం. పిలవకుండా తనంతట తనే తిరిగి రావడం అంతకంటే అవమానం.

రాహేలమ్మ గారు రిటైరైన టీచరు. పెళ్లికూతుర్నీ, ఒక ఆటోకి సరిపడా చుట్టాలనీ వెంటబెట్టుకుని పదకొండింటికి దిగారు. పెళ్లికూతురు తెల్ల పట్టుచీర మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి తీయలేదు. కొట్టువాళ్లకి అంతకంటే శుభశకునం లేదు.

"ఎంతమ్మా?" అన్నారు రాహేలమ్మ గారు. చెప్పాను. ఆవిడ అలవాటుగా సగానికి అడిగారు.

"లేదండీ, ఒకే ధర. అసలు ధరే చెప్పా."

"ఆహా. సరే, అసలు ధర చెప్పావు. ఇప్పుడు నాకిచ్చే ధర చెప్పు."

"అదీ ఇదేనండి."

"మీ తాత నాకెప్పుడూ చెప్పిన రేటుకి ఇవ్వలా. మీ నాన్నా ఇవ్వలా. నువ్వొక్కదానివే ఇస్తానంటే, నేనంటే నీకేమన్నా కోపమా?"

"మా కొట్టులో ఇప్పుడు విలువలు పాటిస్తున్నామండి."

"మంచిదే. నేను సండే స్కూల్లో పిల్లలకి చెప్పేదీ అవే. ఒక వంద తగ్గించు, ఇద్దరం కలిసి పాటిద్దాం."

నేను కళ్లు మూసుకుని కోటాయన్ని తలుచుకున్నాను. "కుదరదండి."

ఆవిడ లేచారు. చుట్టాలంతా లేచారు. రాహేలమ్మ గారు చెప్పులేసుకోవడం మొదలుపెట్టారు. అంత నిదానంగా చెప్పులేసుకున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఒక చెప్పు వేసుకుని దుమ్ము దులిపారు. ఇంకోటి వేసుకుని, నచ్చనట్టు విప్పి, మళ్లీ వేసుకున్నారు.

"అమ్మాయ్, పిలవనా?" గొణిగాడు బాబాయ్.

"వద్దు."

మెట్లు దిగి ఎదురుగా సోడాబండి దగ్గర నిలబడ్డారు. తలా ఒక సోడా తాగారు. పెళ్లికూతురు మా కొట్టు వైపు, రైలెళ్లిపోయాక పట్టాలకేసి చూసినట్టు చూస్తోంది.

"మేడమ్, ఇంకో సోడా చెప్పారండి. మన కోసమే ఆగారండి" అంది కుమారి.

"నాయకత్వమంటే ఇలాంటప్పుడే తెలుస్తుంది. ఆగు."

అప్పుడు కనబడింది, పరుపు మీద ఆవిడ గొడుగు. ఆమెలాంటి మనిషి గొడుగు మర్చిపోతుందా? అది గొడుగు కాదు, రాయబారం. మూడు తరాల వ్యాపార రక్తం నాలో ఉంది కదా, గ్రహించి ఉండాల్సింది. కానీ ఆ రక్తంలో ఆ రోజు కోటాయన ఉపన్యాసం కలిసి ఉంది. పరాయి సొత్తు మనకొద్దని గొడుగు పట్టుకుని రోడ్డు మీదకు పరిగెత్తాను.

"రాహేలమ్మ గారూ! ఒక్క నిమిషం!"

ఆవిడ మొహం వెలిగిపోయింది. సోడా పక్కన పెట్టేశారు. చుట్టాలు కదిలారు. పెళ్లికూతురైతే అప్పుడే ఒక కాలు మా మెట్టు మీద వేసేసింది.

"మీ గొడుగండి" అని చేతికిచ్చి, నమస్కారం పెట్టి, గిరుక్కున వెనక్కి తిరిగాను.

పక్క స్టీలుసామాన్ల కొట్టాయన చేతిలో గిన్నె జారి, అది దొర్లిన చప్పుడొక్కటే వినబడింది. వెనక నుంచి రాహేలమ్మ గారి గొంతు: "పదండి, నందిగామ బస్సెక్కుదాం. ఈ ఊళ్లో మనుషులు చచ్చిపోయారు."

బస్సు కదిలాక బాబాయ్ నా పక్కన కూలబడ్డాడు. "మీ బావకి కబురు చేయనా అమ్మాయ్? కుర్చీ ఎత్తు సరిచేసుకుంటాడు."

నా విలువలన్నీ ఆ ఒక్క మాటతో ఎగిరిపోయాయి. నాన్న స్కూటరు తీశాను. చిల్లకల్లు దగ్గర హైవే ఎక్కి, లారీలన్నిటికీ క్షమాపణ చెప్పుకుంటూ నందిగామ చేరాను. సెంటర్లో ఒక పెద్ద బట్టల కొట్టు మెట్లు దిగుతూ కనబడ్డారు. వెనక ఆ కొట్టాయన "అమ్మా, రండమ్మా..." అనబోతూ నోరు తెరిచాడు. ఆ నోరు మూతపడేలోగా నేను రోడ్డు మధ్య స్కూటరాపి అరిచాను.

"రాహేలమ్మ గారూ! రండి, తగ్గిస్తా!"

ఆవిడ తాపీగా తిరిగారు. "ఏమ్మా, ఈసారి చేతిరుమాలు మర్చిపోయానా?"

"నన్ను కొట్టండి, తిట్టండి. ఆ చీర మీదే. వచ్చేయండి."

"అంత దూరం నుంచి వచ్చి పిలిచింది" అన్నారావిడ, నందిగామ వాళ్లందరికీ వినబడేలా. "మర్యాద తెలిసిన పిల్ల."

ఆటో మాట్లాడి అందర్నీ జగ్గయ్యపేట తీసుకొచ్చాను. కుమారి ఆ తెల్లచీర మళ్లీ పరిచింది. రాహేలమ్మ గారు రేటడిగారు. పొద్దున్న చెప్పిన రేటే చెప్పింది.

"తగ్గించవే" అన్నాను.

"కుదరదు మేడమ్" అంది కుమారి. దగ్గుకే వణికే కుమారి! "మీరే వచ్చి అడిగినా తగ్గించొద్దని ప్రమాణం చేయించారు. మధ్యాహ్నం అన్నానికెళ్లినప్పుడు మా అత్తగారికి కూడా చెప్పానండి, ఇకనుంచి ఒకటే మాటని."

"నేను చెబుతున్నాగా!"

"నన్ను పరీక్షిస్తున్నారని తెలుసండి." కళ్లల్లో మళ్లీ అవే నీళ్లు.

బాబాయ్ వైపు చూశాను. "నేనూ చెయ్యి చాపా కదమ్మాయ్" అని పైకప్పు చూశాడు. వెనకాల చప్పుడైంది. రాహేలమ్మ గారి కాలు చెప్పు వెతుక్కుంటోంది.

ఆ క్షణాన మా తాత నాలో లేచాడు. నుదురు కొట్టుకున్నాను. "అయ్యో, కుమారీ, పాత రేటు చెబుతున్నావేంటే! ఈ చీర నిన్ననే పెరిగింది!" అని ఒక ఘోరమైన రేటు చెప్పాను. కుమారి నోరు తెరిచింది. రాహేలమ్మ గారి కళ్లు మెరిశాయి. చెప్పు వదిలేసి, కొంగు నడుముకు దోపుకుని, కాలు మడిచి కూర్చున్నారు.

యుద్ధం. ఆవిడ సగానికి అడిగారు. నేను గుండె పట్టుకున్నాను. ఆవిడ మా తాత పేరు తీశారు. నేను దేవుడి పటం వైపు చూపించాను. ఆవిడ మళ్లీ లేచారు. నేను పిలిచాను! మెట్లు దిగారు. ఇంకా గట్టిగా పిలిచాను! చివరికి చెమటలు తుడుచుకుంటూ ఆవిడ గెలిచారు. ఎక్కడికి వచ్చి గెలిచారంటే, సరిగ్గా కుమారి చెప్పిన రేటు దగ్గరికి.

రాహేలమ్మ గారు విజయగర్వంతో ప్యాకెట్టు అందుకుని అన్నారు: "ఈ రేటేదో పొద్దున్నే చెప్పుంటే, నందిగామ బస్సు చార్జీలన్నా మిగిలేవి కదే!"

వాళ్లు వెళ్లాక కుమారి నా చేతులు పట్టుకుంది. "ఒకే ధరకి అమ్మాం మేడమ్! ఎంత గొప్పగా నడిపించారండీ మమ్మల్ని!"

కుర్చీ నాకే దక్కింది. అయినా ఆ గల్లాపెట్టె సాక్షిగా, చెయ్యి చాపి గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో ఎవరికీ స్ఫూర్తి కలిగించను. ఖర్మ కాలి వాళ్లకి నిజంగానే కలిగితే, వదిలించడం నా వల్ల కాదు.