మందు తగ్గించిన రోజులు

గుడివాడలో ఆ ఇంటికి నేను రాత్రి పనికి చేరేటప్పటికి పాపకు పంతొమ్మిదేళ్లు. అయినా ఇంట్లో అందరూ పాప అనే పిలిచేవారు. చిన్నతనంలో మెదడువాపు జ్వరం వచ్చి మాట, నడక రెండూ పోయాయట. పొట్టకు అమర్చిన గొట్టంలోంచి పాలు, జావ పట్టాలి. గొంతులో కఫం అడ్డుపడితే మిషనుతో లాగాలి. ఒళ్లు పుండ్లు పడకుండా పక్కలు మార్చాలి. అంతకుముందు ఒక ఆసుపత్రిలో ఆయాగా చేశాను కాబట్టి ఈ పనులు నాకు అలవాటే. సాయంత్రం పామర్రులో బస్సెక్కి వెళ్లి, తెల్లవారాక తిరిగొచ్చేదాన్ని.

వాళ్లమ్మగారు హైస్కూల్లో లెక్కల టీచరు. పొద్దున్నే కుక్కరు పెట్టేవారు. మొదటి విజిల్ వినపడగానే పాప నవ్వేది. మూతి ఒక పక్కకు పోయేది, భుజాలు ఎగిరిపడేవి. ఆ చప్పుడులో దానికి ఏం కనిపించేదో ఎవరికీ తెలియదు. టీచరుగారు తడిచేతులతోనే గుమ్మంలోకి వచ్చి, ఆ నవ్వు చూసుకుని వెళ్లేవారు.

ఆ వేసవిలో ఫిట్స్ ఎక్కువయ్యాయి. ఒకసారి నాలుక కొరుక్కుని దిండంతా రక్తం చేసుకుంది. విజయవాడ డాక్టరుగారు కొత్త మందు రాశారు. ఫిట్స్ ఆగాయి. కానీ పాప ఎప్పుడూ మగతగానే ఉండేది. కుక్కరు కూత వేసినా మొహంలో కదలిక లేదు.

"పాప నవ్వట్లేదండీ" అన్నాను ఒక రోజు.

"తెలుసమ్మా. రోజూ వచ్చి చూస్తూనే ఉన్నాగా" అన్నారు టీచరుగారు.

వాళ్లాయన కృత్తివెన్ను వైపు చెరువులకు రొయ్యల మేత సరఫరా చేసేవారు. "ఫిట్స్ ఆగినయ్యి. ఇంకేం కావాలి మనకి?" అన్నారు. ఆ రక్తం దిండు చేత్తో తీసింది ఆయనే. ఆయన్ని తప్పు పట్టలేం.

టీచరుగారు నావైపు తిరిగి, "రాత్రంతా దాని పక్కన ఉండేది మీరు. మీరైతే ఏం చేస్తారు?" అని అడిగారు.

నాకు నిజంగా తెలియలేదు. అదే చెప్పాను.

ఆవిడ డాక్టరుగారికి ఫోన్ చేశారు. మందు కొద్దికొద్దిగా తగ్గించి చూడొచ్చు, ఫిట్స్ వస్తే ముక్కులో కొట్టడానికి స్ప్రే దగ్గర పెట్టుకోండి అన్నారాయన. తగ్గించాం. ముందు కళ్లు తేటపడ్డాయి. తర్వాత మనిషి వెళ్తుంటే చూపు వెంట రావడం మొదలైంది. ఒక ఆదివారం పొద్దున విజిల్ వినగానే పాప భుజాలు ఎగిరిపడ్డాయి. టీచరుగారు మంచం కడ్డీకి తల ఆనించి ఏడ్చారు. లేచి వెళ్లి, ఉత్త నీళ్లు పోసి మళ్లీ కుక్కరు పెట్టారు. పాప మళ్లీ నవ్వింది. వాళ్లాయన నోట్లో బ్రష్‌తోనే వచ్చి నిలబడి, ఆయనా నవ్వారు. ఆ రోజు నాకు ఇడ్లీలు పెట్టి, తినేదాకా కదలనివ్వలేదు.

ఆ వారంలోనే, నేను పాపకు బట్టలు మారుస్తుంటే ఫిట్ వచ్చింది. స్ప్రే కొట్టాను. ఆగలేదు. అంబులెన్స్ వచ్చినా ఆగలేదు. విజయవాడ ఆసుపత్రిలో గొంతులోకి గొట్టం వేసి, మత్తులో ఉంచి ఆపారు.

ఇంటికి తెచ్చేటప్పటికి మందు మునుపటికంటే పెరిగింది. పాప కళ్లు తెరిచే ఉండేవి, కానీ ఎవరి మొహం మీదా నిలిచేవి కావు. ఇక ఇంతే అనుకోండి అన్నారట డాక్టరుగారు.

"నేనే చేశానమ్మా" అన్నారు టీచరుగారు.

"డాక్టరుగారు సరేనన్నాకే కదండీ తగ్గించాం."

"అడిగింది నేనేగా."

వాళ్లాయన ఆవిడను ఒక్క మాట అనలేదు. ఆవిడతో మాట్లాడటమే తగ్గించేశారు. బంధువులు ఫోన్ చేస్తే టీచరుగారు, "బానే ఉందండీ, ఫిట్స్ లేవు" అని చెప్పి పెట్టేస్తారు.

నేను ఇంకా వెళ్తూనే ఉన్నాను. పని తేలికైంది, నిద్ర కూడా పడుతోంది. ఇదివరకు పక్క మార్చబోతే పాప నా జాకెట్టు చెయ్యి పట్టుకుని వదిలేది కాదు. వేళ్లు ఒక్కొక్కటీ విడదీయాల్సి వచ్చేది. ఇప్పుడు ఎటు తిప్పితే అటు ఉండిపోతుంది.